దాటిందన్న మాట

ముందు నా సంగతి చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. నా పేరు లాజరు. బెజవాడలో ఒక రేడియో స్టేషన్లో ఇరవై ఆరేళ్ళు వార్తలు చదివాను. స్టేషన్ పేరు చెప్పను, అక్కడ ఇంకా నా స్నేహితులున్నారు. ఈ కథ నాది కాదు, చౌడేశ్వరి గారిది. కాకపోతే ఆవిడ రాసిన ఒక వాక్యాన్ని చదివింది నేను. అంచేత దీంట్లో నా నోరు కూడా ఉంది.

చౌడేశ్వరి గారు తుఫానుల శాస్త్రవేత్త. పూర్తి పేరు చౌడేశ్వరమ్మ. పటమటలో మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో ఒక్కరే ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఈశాన్యం గాలికే టైము చాలట్లేదండీ" అని నవ్వేసేవారు. సందులో వాళ్ళకి ఆవిడ వాన మేడమ్. బట్టలు ఆరేసేముందు కిందనుంచే కేకేస్తారు, "మేడమ్ గారూ, ఇవాళ పడుద్దాండీ?" అని. ఆవిడ బాల్కనీలోకొచ్చి గాలి చూసి చెబుతారు. చెప్పింది తప్పితే మర్నాడు తనే మెట్లు దిగి వెళ్ళి, "నిన్న తప్పు చెప్పానండీ, మీ దుప్పట్లు తడిశాయా?" అని అడిగి వస్తారు. తడిసిన దుప్పట్ల తప్పు ఒప్పుకోవడానికి ఒక్క పూట పట్టని మనిషికి ఇంకో తప్పు ఒప్పుకోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. నేను చెప్పబోయేది ఆ ఇరవై రెండేళ్ళ సంగతే.

ఆవిడది పెడన. బందరు పక్కన, నేత ఊరు. తండ్రి చౌడయ్య గారిది గుంట మగ్గం. అంటే నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. తల్లి రాజేశ్వరమ్మ గారు రాట్నం మీద నూలు కండెలు చుట్టేవారు. ఒక తమ్ముడు, దుర్గాశంకర్. ఆ వీధుల్లో తెల్లారగానే పడుగు పరుస్తారు. చీరకి పొడుగునా వచ్చే పోగులన్నీ వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, దువ్వి, గాలికి ఆరనిస్తారు. ఆ రెండు మూడు గంటల్లో నాలుగు చినుకులు పడ్డాయో, గంజి కారి పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్ళీ మొదటికే. అందుకని నేతవాళ్ళ ఇళ్ళలో పొద్దున లేస్తూనే ఆకాశం వంక చూడని మనిషి ఉండడు.

తొమ్మిదేళ్ళ చౌడేశ్వరికి ఈ చూపు అందరికంటే బాగా అబ్బింది. చౌడయ్య గారు అరుగు మీంచి, "ఏమ్మా, పరవమంటావా?" అనేవాడు. పిల్ల సరేనంటే వీధి వీధంతా పరిచేవారు. ఒకసారి సరేనన్నాక గంటలో వాన దంచింది. ఆరిళ్ళ పడుగులు పాడయ్యాయి. చౌడయ్య గారు కోప్పడలేదు. "గాలి తూర్పు నుంచి ఉత్తరానికి ఎప్పుడు తిరిగిందో చూశావా?" అని మాత్రం అడిగాడు. పిల్ల చూడలేదు. ఆ రోజు నుంచి గోడ క్యాలెండర్ మీద ప్రతి తేదీ పక్కనా గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో రాయడం మొదలుపెట్టింది. ఆ క్యాలెండర్లు పద్నాలుగు ఉన్నాయి. నేను చూశాను.

బందరులో డిగ్రీ, విశాఖలో ఎమ్మెస్సీ, అక్కడే పీహెచ్‌డీ, తర్వాత వాతావరణ ఆఫీసులో ఉద్యోగం. అప్పట్లో ఆ ఆఫీసులో ఆడవాళ్ళకి తుఫాను డ్యూటీ వేసేవారు కాదు. "మీకెందుకమ్మా ఈ అవస్థ" అనేవారట, దయతో. ఈవిడ దెబ్బలాడి వేయించుకున్నారు. తెలుగు బులెటిన్ రాసే పని కూడా ఈవిడ నెత్తిన పడింది. మిగతావాళ్ళ తెలుగు సంగతి నాకు తెలుసు. వాళ్ళు రాసింది చదవాలంటే ముందు నేను దాన్ని తెలుగులోకి మార్చుకోవాల్సి వచ్చేది. ఈవిడ కాగితం వస్తే ప్రాణానికి సుఖంగా ఉండేది. కింద మూలన "చౌ" అని సంతకం. పదేళ్ళ పాటు ఆవిడ నాకు ఆ ఒక్క అక్షరమే.

ఆ పదో ఏడాది నవంబరులో వచ్చిన తుఫాను బందరు వైపు వస్తోందని రెండు రోజుల ముందే ఆవిడ చెప్పారు. పెడనలో జనాన్ని స్కూలు బిల్డింగులోకి చేర్చారు. రెండు వందల మంది దాకా. చౌడయ్య గారు కూడా భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని, కూతురు కొనిచ్చిన చిన్న ట్రాన్సిస్టరు పట్టుకుని అక్కడికే వెళ్ళాడు. రాత్రంతా ఈశాన్యం గాలి. పొద్దున ఎనిమిదయ్యేసరికి గాలి ఠక్కున పడిపోయింది. ఆకు కదల్లేదు. మబ్బు పల్చబడి కాస్త వెలుతురు కూడా వచ్చిందట.

సరిగ్గా అప్పుడే నా గొంతు. "తుఫాను ఈ ఉదయం ఏడున్నర గంటలకు మచిలీపట్నం సమీపంలో తీరం దాటింది." దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది. రాగల ఆరు గంటల్లో తీవ్రమైన ఈదురు గాలులు వీస్తాయి, ప్రజలు సురక్షిత ప్రాంతాల్లోనే ఉండాలి అని. ఆ వాక్యం కూడా నేను చదివాను, స్పష్టంగానే చదివాను. ఎవరూ వినలేదు. మొదటి వాక్యానికే స్కూల్లో జనం చప్పట్లు కొట్టారట.

చౌడయ్య గారు లేచి నిలబడి, "మా అమ్మాయి ఆఫీసు చెప్పిందంటే తిరుగులేదు, దాటింది" అని అందరికీ వినబడేలా అన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. గుంటలోకి నీళ్ళొస్తున్నాయని ఆయనకి రాత్రి నుంచీ ఒకటే ఆరాటం. పడుగు నానితే రంగు దిగిపోతుంది. భార్య వద్దంది. "దాటిందన్నాక ఇంకా భయమేంటే" అని వెళ్ళాడు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు కదిలారు.

తుఫాను నడిబొడ్డున గాలి ఉండదు. దాన్ని కన్ను అంటారు. ఊరిమీదకి కన్ను వచ్చినంతసేపు అంతా అయిపోయినట్టే ఉంటుంది. అది జరిగిపోగానే గాలి మళ్ళీ లేస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి, ముందుకంటే కోపంగా. రాత్రంతా ఈశాన్యం గాలికి ఒకవైపు వాలిన ఆయన ఇంటి గోడని నైరుతి గాలి ఒక్క తోపుతో రెండో వైపుకి పడేసింది. చౌడయ్య గారు నడుంలోతు నీళ్ళలో గుంటలో నిలబడి పడుగు కోసుకుంటున్నాడు. మధ్యాహ్నం శవాన్ని తీసినప్పుడు భుజం మీద ఆ పోగులు చుట్టి ఉన్నాయట. మిగతా ముగ్గురూ సగం దారిలోంచి వెనక్కి పరిగెత్తి బతికారు.

పదకొండో రోజు కర్మ అయిపోయాక చౌడేశ్వరి గారు మా స్టేషన్‌కి వచ్చారు. అదే నేను ఆవిణ్ణి మొదటిసారి చూడటం. సన్నగా, పొట్టిగా, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలో ఉన్నారు. "ఆ రోజు ఎనిమిది గంటల కాగితం ఉందాండీ?" అన్నారు. ఉంది. తీసిచ్చాను. నిలబడే చదువుకున్నారు. "రాసింది రాసినట్టే చదివారా?" అని అడిగారు. చదివానన్నాను. "అయితే మీది తప్పు లేదు" అన్నారు. అప్పుడు చెప్పారు, పోయినాయన ఎవరో. నేను క్రైస్తవుణ్ణి, ప్రార్థన చేసుకున్నాను. ఆవిడేం చేసుకున్నారో నాకు తెలియదు. ఆ కాగితం మాత్రం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంక రాజేశ్వరమ్మ గారి సంగతి. ఆవిడకి చదువు రాదు. కూతురు మీద నమ్మకం మాత్రం కొండంత. తన కూతురు తప్పు చెప్పడం ఆవిడ ఊహకే అందదు. కాబట్టి ఆవిడ లెక్క సులువుగా తేలిపోయింది. "మా అమ్మాయి సరిగ్గానే చెప్పుంటది. మధ్యలో ఆ రేడియోవాడే తప్పు చదివాడు." ఏటా తద్దినం రోజు పిండం పెరట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఆవిడ అక్కడే నిలబడి ఆ రేడియోవాణ్ణి తిట్టేవారు. వాడి జిమ్మడిపోను, వాడి నోట్లో మన్నుబడ, వాడి నాలిక తెగిపడ, వాడి పెళ్ళాం నా మాదిరే గోడకింద పీనుగ కోసం వెతుక్కోవాల. పక్కనే కూతురు నిలబడి వినేది. కూతురి వెనక నేను కూడా నిలబడి వినేవాణ్ణి.

నేనెందుకు వెళ్ళానంటే, చౌడేశ్వరి గారు రమ్మన్నారు. మొదటి ఏడాది తద్దినానికి. "మా అమ్మకి మీరెవరో చెబుదామండీ, ఇద్దరం కలిసి" అన్నారు. తీరా వెళ్ళాక ఆ తిట్లు విని ఇద్దరికీ నోరు పెగల్లేదు. రాజేశ్వరమ్మ గారు నన్ను చూసి, "మీరేం చేస్తారు నాయనా?" అంటే రేడియో అన్నాను, నోరు జారి. ఆవిడ చూపు మారింది. "వ్యవసాయం ప్రోగ్రామమ్మా, పురుగుమందుల గురించి చెబుతా" అన్నాను. పెద్ద గండం నుంచి తప్పించుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాను. నాకు ఆకులో రెండు గారెలు ఎక్కువ వేశారు. ఇంత సిగ్గుమాలిన భోజనం నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

తర్వాత ఎన్నోసార్లు చౌడేశ్వరి గారితో పోట్లాడాను. "మీరు చెప్పరు, నన్ను చెప్పనివ్వరు. ఏటేటా ఇంకొకరి తిట్లు నేను తినాలా?" అన్నాను. "అమ్మకి మిగిలిందల్లా నేను తప్పు చెప్పనన్న నమ్మకం. అది కూడా లాగేస్తే ఆవిడ ఏం పట్టుకుని బతుకుద్ది లాజరు గారూ?" అన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరుకున్నాను. మర్నాటికల్లా మళ్ళీ కోపం వచ్చేది.

ఆవిడ మటుకు నోరు మూసుకుని పనిలోకి దిగారు. పెద్ద గాలొస్తే ముందు ఎగిరిపోయేవి గాలిని కొలిచే మిషన్లే. కాబట్టి కన్ను ఏ ఊరి మీద ఎంతసేపు నిలిచిందో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆవిడ మనుషుల్ని అడిగి తెలుసుకుందామన్నారు. ఆఫీసులో నవ్వారు. ముసలమ్మల జ్ఞాపకం శాస్త్రమవుతుందా అని. సెలవులు పెట్టుకుని, నన్నూ నా రికార్డరునీ వెంటేసుకుని పెడన, కృత్తివెన్ను, నాగాయలంక, అవనిగడ్డ చుట్టుపక్కల అరవై ఊళ్ళు తిరిగారు. రెండే ప్రశ్నలు. గాలి ఆగినప్పుడు ఎంతసేపు ఆగింది? అప్పుడు నువ్వేం చేశావు?

ఎవరూ నిమిషాల్లో చెప్పలేదు. ఎసరు పెట్టి అన్నం వార్చేంతసేపు అని ఒకావిడ. మూడు కండెలు చుట్టేంతసేపు అని ఇంకొకావిడ. చెరువు గట్టుకెళ్ళి రెండు గేదెల్ని తోలుకొచ్చేంతసేపు అని ఒకాయన. చౌడేశ్వరి గారు వాచీ పట్టుకుని ఆ వార్చే ఆవిడ చేత మళ్ళీ అన్నం వార్పించేవారు. కండెలు చుట్టించేవారు. గేదెల వెనక ఆయనతో పాటు నడిచేవారు, ఎండలో, గొడుగు వేసుకుని. అలా పదకొండేళ్ళు తిరిగి, డెల్టాలో ఏ తుఫానుకి ఏ ఊళ్ళో గాలి ఎన్ని నిమిషాలు ఆగిందో ఒక పటం గీశారు. అలాంటి పటం ఆవిడకి ముందు మా వైపు ఎవరూ గీయలేదు. నవ్విన ఆఫీసే తర్వాత దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది.

పటం కంటే ఆవిణ్ణి వేధించింది రెండో ప్రశ్నకి వచ్చిన జవాబు. ఆ గాలి ఆగినప్పుడు బయటికి వచ్చి చావు తప్పించుకున్నవాళ్ళే నూట నలభై మూడు మంది తేలారు. ఎందుకొచ్చారంటే అందరిదీ ఒకే మాట. "దాటిందన్నారుగా అండీ."

ఆవిడ ఒకరోజు బందరు బస్సులో నాతో అన్నారు, "చూడండి లాజరు గారూ. గండం దాటింది అంటాం. బస్సు పటమట దాటిందంటే ఇంక మనకి దొరకదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. దాటడమంటే మనకి అయిపోవడమేగా? పోనీ వేరే మాట పెడదామా అంటే గట్టెక్కింది, ఒడ్డున పడింది, తీరం చేరింది, అన్నీ క్షేమం మాటలే. నీళ్ళలోంచి నేలమీదకి రావడమంటే మన భాషలో బతికి బయటపడటం. తుఫానుకి మాత్రం నేలమీదకొస్తేనే కదండీ మొదలు." నేను ఇరవై ఏళ్ళు మాటలు చదివి బతికినవాణ్ణి. ఈ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. నాకు నామీదే ఒళ్ళు మండింది.

ఆవిడ పెట్టాలన్న మాట తేలికైనది. "తుఫాను మీ మీదికి వచ్చింది. గాలి ఆగినా కదలొద్దు." అంతే. ఈ రెండు ముక్కలు మార్పించడానికి, బులెటిన్ల భాష చూసే ఒక కమిటీ ముందు మూడుసార్లు నిలబడ్డారు. మూడుసార్లూ నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కమిటీకి పెద్ద రామకోటేశ్వరరావు గారు. చెడ్డమనిషి కాదు. మర్యాదస్తుడు, టీ ఇప్పించి మరీ కాదనే రకం. "మేడమ్ గారూ, ఇది ముప్పై ఏళ్ళుగా వాడుతున్న శాస్త్రీయ పదం. మీరు చెప్పేవన్నీ విన్న మాటలు. వాళ్ళు గేదెల కోసం వెళ్ళుండొచ్చు, సామాన్ల కోసం వెళ్ళుండొచ్చు. ఆ మాట ఎవరు రాశారు, ఎప్పుడు చదివారు, విన్న మనిషి ఏమని బయటికెళ్ళి పోయాడు. ఈ మూడూ కలిసిన కేసు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. రేపే మారుస్తాను" అనేవారు.

ఆ కేసు ఆవిడ బ్యాగులోనే ఉంది, నాలుగు మడతలు పెట్టి. రికార్డుల్లో మాత్రం పెడన ఎదురుగా "మృతులు: 1" అని ఉండేది. పేరు ఉండేది కాదు. ఆ ఒక్కటి చెబితే పేపర్లోకెక్కుతుంది, పేపరు పెడనకి చేరుతుంది. మూడుసార్లూ ఆవిడ ఫైలు ఎత్తుకుని బయటికి వచ్చేశారు.

మూడేళ్ళ కిందట ఇంకో తుఫాను వచ్చింది. కృత్తివెన్ను అవతల ఒక ఊళ్ళో ఒకతను మళ్ళీ అలాగే, గాలి ఆగినప్పుడు షెల్టరు లోంచి బయటికెళ్ళి, తాటిచెట్టు విరిగి మీదపడి పోయాడు. ఈసారి ట్రాన్సిస్టరు కాదు, సెల్‌ఫోను. మెసేజీ మాత్రం అదే. తుఫాను తీరం దాటింది. సర్వేకి వెళ్ళాం. అతని భార్యకి ముప్పై ఏళ్ళుంటాయి. మా రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పలేదు. గుమ్మంలో కూర్చుని, ఆ మెసేజీ పెట్టినోడి చెయ్యి పడిపోను, వాడి ఇల్లు గుల్లగాను అని, ఆగకుండా, అలిసిపోకుండా తిడుతూనే ఉంది.

తిరుగు బస్సులో గుడివాడ దగ్గర చౌడేశ్వరి గారు సర్వే కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. తర్వాత "మా అమ్మలాగా ఇంకొకావిడ మొదలుపెట్టింది లాజరు గారూ" అన్నారు.

నాలుగోసారి కమిటీకి వెళ్ళినప్పుడు నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళారు. రామకోటేశ్వరరావు గారు మామూలుగానే టీ తెప్పించి, మామూలుగానే ఒక్క కేసు అడిగారు. ఈవిడ బ్యాగులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టారు. "రాసింది నేనండీ. సంతకం చూడండి. ఎనిమిది గంటలకి చదివింది ఈయన. విన్నది మా నాన్న. 'మా అమ్మాయి ఆఫీసు చెప్పింది, దాటింది' అని రెండు వందల మంది ముందు చెప్పి వెళ్ళి చచ్చిపోయాడు. మూడూ కలిశాయాండీ?" అన్నారు. రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు తీసేసి కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. కమిటీ సంగతులు రాసుకోవడానికి వచ్చి చివర్లో కూర్చున్న విలేకరి గబగబా రాసుకుంటున్నాడు.

మాట మార్చే ఆర్డరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అసలు సంగతి అది కాదు. రెండు నెలల తర్వాత మాట మారింది. మొన్న వచ్చిన తుఫానుకి బులెటిన్లో ఆవిడ మాటే వచ్చింది. టీవీ చానళ్ళు మాత్రం ఎర్రటి అక్షరాల్లో "తీరం దాటిన తుఫాను" అని తిప్పుతూనే ఉన్నాయి. వాళ్ళకి కాగితాలు పంపాం, ఫోన్లు చేశాం. ఒకడు "మాకు పంచ్ ఉండాలి సార్" అన్నాడు. వాడికి నేనేం చెప్పానో ఇక్కడ రాయకూడదు.

కమిటీ నుంచి బయటికి రాగానే ఆవిడ "పేపరు పొద్దున్నే వచ్చేస్తుంది. దానికంటే ముందు మనం పెడన వెళ్ళాలి" అన్నారు. కారు మాట్లాడుకుని అప్పటికప్పుడే బయల్దేరాం. దారంతా ఆవిడ వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నారు. పామర్రు దగ్గర ఒకటి అనుకున్నారు, అది బాగాలేదని తీసేశారు. రాష్ట్రం మొత్తానికి తుఫాను హెచ్చరికలు రాసిన మనిషి, తల్లికి చెప్పడానికి ఒక వాక్యం దొరక్క చీర కొంగు నలిపేసుకుంటూ కూర్చున్నారు. నాకు ఆవిడ మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

మేము వెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర. రాజేశ్వరమ్మ గారికి ఎనభై దాటాయి, ఇంకా రాట్నం వదల్లేదు. నేలమీద కూర్చుని కండె చుట్టుకుంటున్నారు. చౌడేశ్వరి గారు పక్కనే కూలబడి, దారిలో కూర్చుకున్నవన్నీ మర్చిపోయి, "అమ్మా, నాన్న విన్న మాట నేను రాసిందే" అన్నారు.

రాట్నం ఆగింది. "నువ్వు రాసింది వాడు తప్పు చదివాడు" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

"తప్పు చదవలేదమ్మా. రాసింది రాసినట్టే చదివారు."

"నీకెట్టా తెలుసు?"

"చదివింది నేనేనమ్మా" అన్నాను నేను. నా గొంతు నాకే వినబడలేదు, రేడియోలో అంతకాలం చదివిన గొంతు.

ఆవిడ నా మొహం వంక చూశారు. "పురుగుమందులన్నావుగా" అన్నారు.

"అబద్ధం చెప్పానమ్మా."

ఆవిడ నన్ను వదిలేసి కూతురి వైపు తిరిగారు. "అయితే ఏటేటా నా పక్కన నిలబడి ఇదంతా విన్నావా?"

"విన్నానమ్మా."

"వాడి నాలిక తెగిపడాలంటే విన్నావు. నోట్లో మన్నుబడాలంటే విన్నావు."

"ఊఁ."

"ఇరవై రెండేళ్ళు." కండె చేతిలోంచి జారింది, ఆవిడ ఏరుకోలేదు. "చెప్పుంటే ఒక్కసారే తిట్టి ఊరుకునేదాన్ని గదే."

అని, ఆ ఒక్కసారీ తిట్టింది. పేరు పెట్టి తిట్టింది. కడుపున మోసిన సంగతి ఎత్తి తిట్టింది, చదివించిన సంగతి ఎత్తి తిట్టింది, ఆ ముసలాయన మా అమ్మాయి మా అమ్మాయి అని ఊరంతా చెప్పుకున్న సంగతి ఎత్తి తిట్టింది. దుర్గాశంకర్ వీధిలోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. అరవయ్యేళ్ళ శాస్త్రవేత్త, పటాలు గీసిన మనిషి, తల వంచుకుని తల్లి ముందు కూర్చుని అంతా విన్నారు. నా వాటా నాకు ముందే ముట్టింది కాబట్టి ఆవిడ నా జోలికి రాలేదు. గొంతు పోయేదాకా తిట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఏడాది తద్దినానికి కూడా వెళ్ళాను. దుర్గాశంకర్ పిండం తెచ్చి పెరట్లో పెట్టాడు. రాజేశ్వరమ్మ గారు ఎప్పటిలాగే అక్కడ నిలబడ్డారు. కాకి చాలాసేపు రాలేదు. వచ్చేదాకా ఆవిడ ఒక్క మాట అనలేదు. అది వచ్చి ముట్టాక చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

చౌడేశ్వరి గారు అక్కడే ఉండిపోయారు. నేను దగ్గరికెళ్ళి, "పదండి, వడ్డిస్తున్నారు" అన్నాను.

"తిట్టలేదండీ" అన్నారు.

"మంచిదేగా" అన్నాను.

"ఏం మంచండీ. ఇన్నాళ్ళూ ఎవరో ముక్కూ మొహం తెలియనివాణ్ణి తిట్టి కాస్త బరువు దించుకునేది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలిసింది, తిట్టలేకపోతోంది. అంతా లోపలే పెట్టుకుంది" అని, అరటిచెట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. లోపలినుంచి రాజేశ్వరమ్మ గారు వినే ఉంటారు. బయటికి రాలేదు.